పురుగు తిన్న ఏడు మూలలు

1వ రోజు

చీటీ నాకే పడింది. కట్ట నంబరు 618. విషయం: బావి నీళ్ళలోని ఫ్లోరైడును కుండ పెంకులతో తీసేయడం. నేను చదివింది గణితం. నీళ్ళతో నేను చేసిన ప్రయోగం ఏదైనా ఉందంటే అది టీ కాయడమే, దానికీ పెద్ద పేరేమీ రాలేదు.

గొణగడానికి వీల్లేదు. రాచగుట్ట గ్రంథాలయం పద్ధతే ఇది. ఒక పరిశోధన పై అరకు ఎక్కాలంటే, ఆ శాస్త్రంతో సంబంధం లేని మనిషి ఎవరో ఒకరు కట్టలోని రాత చూసి, తన చేతులతో మళ్ళీ చేసి, అదే ఫలితం తేవాలి. దీన్ని మారుచేయి అంటాం. ఆ శాస్త్రం వాళ్ళకే ఇస్తే రాయనిది కూడా తమకు తెలియకుండానే చదివేసుకుంటారు. మా అమ్మమ్మ కాలంలో యంత్రాలు రోజుకు లక్ష పరిశోధనలు రాసి పడేసేవట. అందులో ఏది నిజంగా జరిగిందో చెప్పగల మనిషే లేకుండా పోయాడట. అప్పటినుంచి చేతిరాత లేని కట్టను మావాళ్ళు గుమ్మం దాటనివ్వరు.

మూడు ప్రయత్నాలు ఇస్తారు. మూడూ తప్పితే కట్ట ఏడేళ్ళు కింది అరలో పడుకోవాలి, ఆ ఏడేళ్ళూ దాన్ని ఎవరూ వాడకూడదు. రాసిన మనిషి పేరు నాకు చెప్పరు, వెళ్ళి అడగడానికీ వీల్లేదు. కట్టలో ఉన్నదాన్ని మాత్రం ఎన్నిసార్లయినా, ఎటు తిప్పయినా చూసుకోవచ్చు.

సాక్షిగా ఐలయ్యను వేశారు. ఆయనది ఫైనాన్స్. గుట్టల్లోని సంతల ధరలు ముప్పై ఏళ్ళుగా సేకరించి, ఏ ఊళ్ళో ఏ సరుకు ఎప్పుడు దొరికిందో తేదీతో సహా చెప్పగలడు.

"నీలవేణమ్మా, నాది జూసుడే గదా? చేసుడు లేదుగదా?" అన్నాడు.

"లేదు. నేను తప్పు జేస్తే రాసుకునుడే నీ పని."

"గట్లయితె జర పెద్ద పుస్తకం దెచ్చుకోవాలె" అని లేచి వెళ్ళాడు. నిజంగానే పెద్దది తెచ్చుకున్నాడు.

2వ రోజు

ఒక సంగతి ముందే రాసిపెట్టాలి. నేను పుట్టింది రాళ్ళగూడెంలో. ఆ ఊరి బావి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళను నడక చూసి పోల్చుకోవచ్చు. పద్నాలుగో ఏటికే నా మోకాళ్ళు వంకరపోయాయి. ఆటలకు పనికిరాక లెక్కల ముందు కూర్చున్నాను, లెక్కలు నన్ను లేవమనలేదు.

ఈ పొద్దున చెల్లెలు కలమ్మ ఫోను చేసింది. "అక్కా, మంచినీళ్ళ బండి అరవై దినాలే వస్తదంట. అటెనుక చెరువుల నీళ్ళు ఉండయంట. మల్ల బావి నీళ్ళేనంట" అంది. కలమ్మ బిడ్డకు ఎనిమిది నెలలు. గునుగు అని పిలుస్తాం. ఇప్పుడిప్పుడే గిన్నెతో నీళ్ళు తాగడం నేర్చుకుంటోంది. మా ఊళ్ళో ఆ వయసు పిల్లలు పదకొండుమంది ఉన్నారు.

ఫోను పెట్టేసి నేరుగా జులేఖాపా దగ్గరికి వెళ్ళాను. ఆమె మా గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద దిక్కు, ఈ అరలన్నిటికీ యజమానురాలు, మా అందరికీ ఆపా, అంటే పెద్దక్క. "ఆపా, ఈ కట్ట గెలవాలని నాకు ఆశ ఉంది. చీటీ వాపసు ఇయ్యాల్నా?" అని అడిగాను.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పింది: "ఆశ ఉన్నోల్లు జేయొద్దని యాడ లేదు బేటా. ఆశ ఉన్నోల్లకే ఓపిక ఉంటది. అబద్ధం ఆడకుంట జూసెతందుకు ఐలయ్య ఉండనే ఉండె."

ఆమె నన్ను నమ్మింది. ఆ మాట మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టాను.

4వ రోజు

కట్టలో రెండున్నాయి. ఒకటి పద్ధతి రాసిన పన్నెండు పేజీల కాగితం. రెండోది, ఆ మనిషి రోజూ రాసుకున్న నోటుపుస్తకం, రోజుకో పేజీ, కాగితానికి ఒకవైపే. పద్ధతి తేటగా ఉంది. వంటకు సిద్ధమైన కుండను పగలగొట్టి గోరంత పెంకులు చేయాలి. వాటిని తొట్టిలో జానెడు మందాన పరవాలి. పొద్దున బావి నీళ్ళు పోసి, ఆరు గంటల తర్వాత కింది నుంచి దించుకోవాలి. ఐదో రోజుకు లీటరుకు ఆరు మిల్లీగ్రాములున్న ఫ్లోరైడు ఒకటి లోపుకు రావాలి. తాగడానికి ఒకటిన్నర దాటకూడదు.

నోటుపుస్తకం చూసి మనిషి మీద గౌరవం కలిగింది. మూడో రోజు నుంచి తొమ్మిదో రోజు వరకు ఏ పనీ చేయకుండా బావి నీళ్ళు మాత్రం కొలిచి, పక్కన వాతావరణం రాసి ఊరుకున్నారు. "6.1. మబ్బు." "6.2. వాన." "6.1. వంతెన మునిగింది." సరాసరి తీయడానికి ఏడు రోజులు ఓపిక పట్టారన్నమాట. గణితం తెలిసిన చెయ్యి అనుకుని మురిసిపోయాను.

సరుకుల గది యంత్రాన్ని వంటకు సిద్ధమైన కుండ అడిగాను. అడుగున "వంటకు సిద్ధం" అని ముద్ర ఉన్న కొత్త కుండ దొర్లించింది. నీళ్ళు రాళ్ళగూడెం బావి నుంచి ఎండతో నడిచే బండి మీద తెప్పించాను.

12వ రోజు

మొదటి ప్రయత్నం పోయింది. పోసిన నీళ్ళు 6.1. దిగిన నీళ్ళు 5.9.

"నీళ్ళు కడుక్కొని వచ్చినయి, గంతే" అన్నాడు ఐలయ్య, రాసుకుంటూ.

గోరంత అంటే ఎవరి గోరంత? అక్కడే తప్పాననుకున్నాను. నేను నా బొటనవేలి గోరు పట్టుకుని కొలిచాను. రాసిన మనిషిది చిటికెనవేలేమో. ఐలయ్య చిటికెనవేలు అడిగి తీసుకుని కొలుచుకున్నాను. సాక్షి శరీరాన్ని వాడటం పద్ధతికి విరుద్ధమా అని ఆయన ఒక పేజీ నిండా రాశాడు.

25వ రోజు

రెండో ప్రయత్నమూ పోయింది. 5.7.

5.7ను 0.7 చేయడానికి ఒక్క గీత చాలు. ఐలయ్య చూపు ఆ సమయాన కిటికీ వైపు ఉంది. ఆ ఆలోచన వచ్చినందుకు చాలా సిగ్గుపడ్డాను. నేను రాసే తప్పుడు 0.7ను నమ్మి తాగేది గునుగే.

5.7 అని రాసి, ఐలయ్యకు చూపించి, సంతకం పెట్టించాను. ఆయన పోతూ పోతూ తన టిఫిన్ డబ్బాలోంచి రెండు సర్వపిండి ముక్కలు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ మనిషికి నేను రుణపడ్డాను.

27వ రోజు

ఇంకొక్క ప్రయత్నమే మిగిలింది. మంచినీళ్ళ బండి ఇంకా ముప్పైమూడు రోజులు వస్తుంది. ఏమి మార్చాలో తెలియకుండా నీళ్ళు పోయలేను. ఒకసారి పోస్తే ప్రయత్నం అయిపోయినట్టే.

ఈ కట్టను పక్కన పడేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం నా మొదటి సిద్ధాంతానికి మారుచేయి చేసింది ఒక పశువైద్యుడు. అతని నివేదిక ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. "పద్నాలుగో పేజీలో మీరు ఒక మెట్టు మింగేశారు. మీకు అది మెట్టులా కనిపించి ఉండదు. ఎక్కడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎక్కాను" అని రాశాడు. తప్పని కొట్టేసి, హాయిగా తన గేదెల దగ్గరికి పోవచ్చు. పోలేదు. ఈ కట్టలో కూడా ఎవరో ఒక మెట్టు మింగారు, అదెక్కడుందో నేను వెతకాలి.

29వ రోజు

నెలకోసారి జులేఖాపా కట్టలన్నీ విప్పి పురుగు చూస్తుంది. ఆ పని ఎవరికీ అప్పగించదు. ఈ రోజు 618 వంతు. నోటుపుస్తకం నా బల్ల మీదే విప్పి, పేజీ పేజీ ఎత్తి వెలుతురుకు పట్టింది.

"ఎవలో గానీ చేతులు కడుక్కోకుంట రాసిన్రు" అంది.

"ఎట్ల తెలిసింది ఆపా?"

"గీ మూలలు జూడు. వెండిపురుగు తిన్నది."

చూశాను. పేజీ తిప్పేటప్పుడు వేళ్ళు ఆనే కింది కుడి మూల చిల్లులు పడి జల్లెడయింది. పుస్తకాల్లో పురుగు తినడం వింతేముంది అన్నాను.

"వెండిపురుగు ఉత్త కాయితం కోసం రాదు బేటా. గంజి కోసం వస్తది. పాత పుస్తకాల అట్టలు గంజితోని అంటిస్తరు, అందుకే ముందుగాల అట్ట తింటది. గీడ అట్ట మంచిగనే ఉన్నది. మూలలే తిన్నది. అన్ని మూలలు గూడ కాదు." ఆమె లెక్కపెట్టింది. "ఏడు పేజీలు. గంతే."

నేను నోటుపుస్తకం లాక్కున్నాను. క్షమాపణ కూడా చెప్పలేదు. మూడో రోజు పేజీ నుంచి తొమ్మిదో రోజు పేజీ వరకు మూలలన్నీ జల్లెడే. రెండో పేజీ మూల భద్రంగా ఉంది. పదో పేజీ మూల భద్రంగా ఉంది. పదో పేజీలో మొదటి మాట: "కుండ పగలగొట్టాను."

నేను సరాసరి అని మురిసిపోయిన ఆ ఏడు రోజులు సరాసరి కోసం కాదు. ఆ ఏడు రోజులూ ఆ మనిషి చేతికి గంజి ఉంది. పన్నెండు పేజీల పద్ధతిలో మాత్రం గంజి అన్న మాటే లేదు.

"ఆపా, కుండకు గంజికి ఏం సంబంధం?"

జులేఖాపా నన్ను జాలిగా చూసింది. "నీకు వంట రాదని విన్న గానీ గింతగనం అనుకోలె. మా అమ్మి కొత్త కుండ దెస్తే ఒక దినమంత నానవెట్టేది. అటెనుక గంజి వోసి, సన్న మంట మీద ఇగిరిందాక కాసేది. మల్ల వోసేది. గట్ల జేస్తెనే అది వంటకు తయారైనట్టు. లేకుంటె పలుగుతది."

వంటకు సిద్ధమైన కుండ! రాసిన మనిషి రాయాల్సింది రాశారు. ఆ రెండు మాటల్లో ఏడు రోజుల పని ఉందని ఆ మనిషికి తెలుసు, జులేఖాపాకు తెలుసు. నాకూ, ముద్ర వేసే యంత్రానికీ తెలియదు. నేను ముద్ర నమ్మాను.

జులేఖాపా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. "ఛల్, ఛల్, పురుగుకు మొక్కు" అని విడిపించుకుంది.

30వ రోజు

ఏ గంజి? వరి గంజి అయినా జొన్న గంజి అయినా వెండిపురుగు తింటుంది. ప్రయత్నం ఒక్కటే ఉంది కాబట్టి ఊహ మీద పోవడానికి లేదు.

ఐలయ్య నోటుపుస్తకం తన వైపు తిప్పుకుని ఐదో రోజు పేజీ మీద వేలు పెట్టాడు. "6.1. వంతెన మునిగింది."

"గీ తారీకు జూడు. మూడేండ్ల కింద వానకాలం. గా యేడు గుట్టల దిక్కు మునిగే వంతెన ఒక్కటే, కాకివాగుది. గది మునిగితె అవుతలి ఊర్లకు బండి వోదు. గది రాసుకున్నరంటె రాసినోల్లు అవుతలోల్లే." తన పుస్తకాల్లోంచి ఒకటి లాగి తెరిచాడు. "గీ రెండు నెలలు అవుతలి సంతల బియ్యం ధర గడి ఖాళీ. ఎందుకు ఖాళీ? బియ్యమే రాలే. జొన్నలే అమ్మిన్రు, జొన్నలే తిన్నరు."

ముప్పై ఏళ్ళుగా ఆ ఖాళీ గడుల గురించి ఆయన చెబుతుంటే మేమంతా టీ తాగడానికి లేచిపోయేవాళ్ళం. నేనైతే ఎన్నిసార్లు లేచానో లెక్కే లేదు. ఈ రోజు కూర్చుని చివరిదాకా విన్నాను, ఆయన ముఖం వెలిగిపోయింది.

33వ రోజు

కుండ పలిగింది. నానబెట్టడానికి తొందరపడి, ఒక పూటతో సరిపెట్టి పొయ్యి మీద పెట్టాను. టప్‌మని చప్పుడు, పొయ్యి నిండా గంజి. జులేఖాపా వచ్చి చూసి, "దినమంత అంటే దినమంత. లెక్కలు జెప్తవు, దినం ఎంతుంటదో తెల్వదా?" అని కేకలేసింది.

నీళ్ళు ఇంకా పోయలేదు కాబట్టి ఇది ప్రయత్నం కిందికి రాదని ఐలయ్య రాశాడు. ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాడు.

42వ రోజు

కొత్త కుండ. పగలూ రాత్రీ నానింది. ఏడు రోజులు, రోజుకోసారి, జొన్న గంజి పోసి సన్న సెగ మీద ఇగిరేదాకా కాశాను. నాలుగో రోజుకు గదంతా మాడు వాసన. ఆరో రోజుకు గోడ వెంట చీమల బారు. పక్క గదిలో నక్షత్రాల వాళ్ళు తలుపు మూసుకున్నారు. నా వేళ్ళు ఎప్పుడూ జిగటే. ఎంత తుడుచుకున్నా ఈ పుస్తకం పేజీలు వేళ్ళకు అంటుకుంటూనే ఉన్నాయి.

ఈ రోజు పగలగొట్టాను. మొదటి రెండు కుండల పెంకులు లోపల ఇటుక రంగులో ఉండేవి. ఈ పెంకు అంచు సగం మందం వరకు నల్లగా ఉంది. ఐలయ్య పెంకును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ముప్పై ఏండ్ల సంది కుండల ధర రాస్తున్న. ఒక్క కుండ లోపల ఏముంటదో జూడలె" అన్నాడు.

47వ రోజు

ఐదో రోజు నీళ్ళు దించాం. కొలత పుల్ల ముంచాను. తొందరలో ఒకటి జారి నేల పాలయింది. రెండోది ముంచాను.

0.9.

ఐలయ్య ఇంకొకటి ముంచమన్నాడు. 0.9. ఇంకొకటి. 0.8. ఆయన కళ్ళద్దాలు తీసి, బల్ల మీద పెట్టి, పెన్ను కోసం వెతుక్కున్నాడు. పెన్ను చేతిలోనే ఉంది.

నేను ఏడ్చాను. దాచుకోవడానికేమీ లేదు, ఏడ్చాను. జులేఖాపా వచ్చి 618 కట్టకు కొత్త తాడు కట్టి, నిచ్చెన ఎక్కి, పై అరలో పెట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎవరినీ ఎక్కనివ్వలేదు.

54వ రోజు

గెలిచిన కట్ట రాసినవాళ్ళు వచ్చి, మారుచేయి చేసినవాళ్ళతో కలిసి భోజనం చేయాలి. ఇది కూడా పద్ధతే. వచ్చినామె పేరు వజ్రమ్మ. అరవై దాటి ఉంటాయి. కాకివాగు అవతలి గుట్ట మీద ఒంటరిగా రసాయన ప్రయోగశాల నడుపుతోంది. రెండు ప్రయత్నాలు పోయాయని తెలిసిన రోజు నుంచి సరిగా తినలేదట.

జరిగింది చెప్పాను. ఆమె చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది.

"గంజి రాయలేదా నేను?"

"రాయలే అమ్మా."

"కుండ అన్నంక గంజి వోస్తరు గదా బిడ్డా. గది గూడ రాస్తరా ఎవలన్న?" అని, తనలో తను అనుకున్నట్టు అంది: "గంజి వొయ్యని కుండతోని ఒక్కసారన్న ఎందుకు జేయలేదో నేను. మూడేండ్లు పెంకులే మార్చి మార్చి జూసిన. మట్టి మహిమ అనుకున్న. గంజిదని నాకే తెల్వదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మోకాళ్ళ వైపు చూసి, ఎక్కడి దానివని అడిగింది. చెప్పాను. తన పళ్ళెంలోని జొన్నరొట్టె సగం విరిచి నా పళ్ళెంలో పెట్టింది. నేను పశువైద్యుడి సంగతి, పద్నాలుగో పేజీ సంగతి చెబితే అప్పుడు నవ్వింది.

58వ రోజు

మొదటి తొట్టి రాళ్ళగూడెం చేరింది. తక్కినవి సిద్ధమయ్యేదాకా పిల్లలకు దీని నీళ్ళే. మంచినీళ్ళ బండి ఇంకా రెండు రోజులు వస్తుంది. మా ఊళ్ళో గంజి ఎలా పోయాలో నేర్పబోయాను. అక్కడి ఆడవాళ్ళు నన్ను పొయ్యి దగ్గరి నుంచి లేపేశారు. "నువ్వు లెక్క వెట్టుకో అక్కా, కాసుడు మేము జేస్తం" అంది కలమ్మ. నానిన పదకొండు కుండలు, పదకొండు ఇళ్ళలో, మొదటి గంజికి ఒక్కటి కూడా పలగలేదు.

నాలుగేళ్ళ తర్వాత

ఈ పుస్తకం కట్టలో చేర్చి అప్పగించమని జులేఖాపా ఎప్పటినుంచో పోరుతోంది. ఈ రోజు ఇచ్చేస్తున్నాను.

పోయిన వారం రాళ్ళగూడెం వెళ్ళాను. బస్సు దిగేసరికి గునుగు ఎదురొచ్చింది. దారిలో ఎక్కడా ఆగకుండా పరుగెత్తుకొచ్చి నా మోకాళ్ళను చుట్టుకుంది. తల ఎత్తి, "పెద్దమ్మా, నీ కాళ్ళెందుకు గిట్ల ఉన్నయి?" అని అడిగింది. మా ఊళ్ళో పుట్టిన పిల్ల ఆ మాట అడగడం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. మా చిన్నప్పుడు అందరి కాళ్ళూ అలాగే ఉండేవి, అడగడానికి ఏముంటుంది?

వజ్రమ్మకు, ఐలయ్యకు, జులేఖాపాకు, నేను మింగిన మెట్టు ఎక్కిన ఆ పశువైద్యుడికి నా దండాలు. ఏడు మూలలు తిన్న పురుగుకు కూడా.

రేపు ఎవరో ఈ పుస్తకం చూసి మళ్ళీ చేస్తారు. నాకు తెలిసిందంతా రాశాను. రాయనిది ఏదో ఒకటి మిగిలే ఉంటుంది, అదేమిటో నాకు తెలియదు. గంజి కాసిన రోజుల పేజీలు మూలల్లో ఇంకా జిగటగానే ఉన్నాయి. తుడిచి ఇమ్మంది జులేఖాపా. తుడిచానని చెప్పాను. తుడవలేదు.